గొట్టాల సంధి పరిచ్ఛేదం

తెలుగు పంతులుకు గొట్టాలతో ఏం పని అని మీరు అడగవచ్చు. అడగవలసిందే. నేను ఎం.ఏ.లో చదివిన వ్యాకరణానికీ, పైపుల కొట్లో అమ్మే సరుకుకూ చుట్టరికం లేదనే అందరూ అనుకుంటారు. కాని సంధి అనే మాట రెండు చోట్లా ఉన్నది. రెండు పదాలు కలిసే చోటు సంధి. రెండు గొట్టాలు కలిసే చోటూ సంధే. మొదటిది తప్పితే విద్యార్థికి మార్కులు పోతాయి. రెండవది తప్పితే రైతుకు నీళ్ళు పోతాయి. మా సదాశివనగర్ వైపు నీళ్ళు పోవడమంటే పంట పోవడమే.

కామారెడ్డి నుంచి నిజామాబాదు పోయే పెద్ద రోడ్డు మీద ఉన్నది మా ఊరు. కాలువ అందని మెట్ట చేలకు బోరుబావే దిక్కు. బోరు పోసే కాసిని నీళ్ళనూ పొదుపుగా వాడుకోవాలని మా చిన్నాయన శనగ చేనుకు స్ప్రింక్లర్ పైపులు తెచ్చినాడు. కొడుకులిద్దరూ గల్ఫులో ఉన్నారు. ఆయనకు నడుము నొప్పి. అందుచేత ఆ పైపులు విప్పడం, మోయడం, మళ్ళీ బిగించడం అంతా మా చిన్నమ్మ వంతు అయింది. ఆమెకు అరవై దాటినవి.

ఈ పైపు ఆరు మీటర్ల పొడవు ఉంటుంది. ఒక కొన నున్నగా ఉంటుంది. రెండవ కొనకు వెడల్పు మూతి, ఆ మూతి లోపలి గాడిలో ఒక రబ్బరు రింగు. మా వాళ్ళు దాన్ని వాషర్ అంటారు. ఒకదాని కొనను ఇంకొకదాని మూతిలో దూర్చి, పైన కొక్కెం తగిలిస్తే పని అయినట్టే. చెప్పడానికి ఇంతే. ఒక మడి తడిసినాక అన్నీ విప్పి పక్క మడిలోకి మోసుకుపోయి మళ్ళీ బిగించాలి. రోజుకు రెండు మూడు మార్లు, మారుకు పదీ పదిహేను సంధులు. దూర్చేటప్పుడు మొరాయించే సంధి ఒక్కటున్నా ఆడమనిషి ఒంటరిగా చేసుకోలేదు. కూలి మనిషి కోసం కబురు పంపాలి. ఆ కూలి శనగల్లోంచే రావాలి.

ఇక్కడే అసలు చిక్కు. రింగు లావుగా ఉంటే నీటి చుక్క బయటికి రాదు, కాని పైపు లోపలికి పోదు. రింగు సన్నగా ఉంటే పైపు సులువుగా పోతుంది, నీళ్ళూ సులువుగా వస్తాయి. బిగువూ సులువూ సవతుల వంటివి. ఒకటి ఉన్న ఇంట రెండవది ఇముడదు. వీటికి పొందు కుదర్చడమే ఈ కప్లింగులు తయారుచేసే వారి విద్య.

వారు కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. స్ప్రింక్లర్ పైపు రింగును గుండ్రని తాడులా కాక, నీటివైపు నోరు తెరిచిన పెదవుల్లా పోతపోస్తారు. పైపు దూర్చేటప్పుడు ఆ పెదవి మెత్తగా వంగి దారి ఇస్తుంది. మోటారు వేయగానే నీరు ఆ పెదవుల నడుమ జొరబడి వాటిని విప్పార్చి గోడలకు అదుముతుంది. నీరు ఎంత గట్టిగా తోస్తే సంధి అంత గట్టిగా మూసుకుంటుంది. మోటారు ఆపగానే పట్టు సడలి, పైపు సులువుగా ఊడి వస్తుంది. బిగించే బలం మనిషి చేతిది కాదు, నీటిదే! తప్పించుకొని పోదామని చూసే దాని చేతనే కాపలా కాయించడం అన్నమాట.

మా వ్యాకరణంలో దీనికి ఒక దాయాది ఉన్నది. ‘మా’, ‘అమ్మ’ అనే మాటల నడుమ యకారం వచ్చి ‘మాయమ్మ’ అవుతుంది. దానిని యడాగమం అంటారు. ఆ యకారానికి సొంత అర్థమేమీ లేదు. రెండు అచ్చులు ఒకదానితో ఒకటి రాచుకోకుండా నడుమ నిలవడమే దాని ఉద్యోగం. రబ్బరు రింగు చేసే ఉద్యోగమూ అదే.

గుండ్రని రింగుకు కూడా ఒక కథ ఉన్నది. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్‌సెన్ అనే ఆయన, గాడి రింగు మందం కన్న కాస్త వెడల్పుగా ఉంటే, ఒత్తిడికి రింగు పక్కకు జరిగి సందును తానే మూస్తుందని తేల్చినాడు. 1937లో పేటెంటుకు దరఖాస్తు పెట్టేనాటికి ఆయన వయస్సు 72 ఏళ్ళు. 1939లో పేటెంటు వచ్చింది. ముసలితనంలో తోచిన ఆ చిన్న ఉంగరం ఇవాళ విమానాల్లోనూ ఉన్నది, మన వంటింటి నీటి శుద్ధి యంత్రంలోనూ ఉన్నది.

భూమిలో పూడ్చే పెద్ద ఇనుప గొట్టాలది వేరే ధర్మం. వాటిని ఒక్కసారే కలుపుతారు. మళ్ళీ దశాబ్దాల పాటు చూడరు. పూర్వం ఆ సంధిలో జనపనార కూరి, కరిగిన సీసం పోసి, ఉలితో దిమ్మిస కొట్టేవారు. కందకంలో వంగి, ఆ పొగలో చేసే పని. 1956లో అమెరికాలో టైటన్ అనే సంధి వచ్చి ఆ బాధ తప్పించింది. దాని రింగులో రెండు రకాల రబ్బరు ఉంటుంది. గట్టి భాగం గాడిని పట్టుకొని జారకుండా ఉంటుంది. మెత్తని భాగం నలిగి నీటిని ఆపుతుంది. పట్టుకోవడం ఒకరి పని, మూయడం ఇంకొకరి పని. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథలోనూ ఇట్లా దూర్చి కలిపే ఇనుప గొట్టాలు వేసినారు.

ఇటువంటి చోట సులువు అనేది సుఖం కోసం మాత్రమే కాదు. కష్టంగా దూరే సంధిలో రింగు ఒకవైపు మడతపడుతుంది. పైకి ఏమీ కనిపించదు. మట్టి కప్పినాక కారుతుంది. నీళ్ళు వదలని వేళ గొట్టం ఖాళీ అయితే, అదే సందులోంచి బయటి మురికి లోపలికి పోతుంది. పొద్దు గూకే వేళ అలసిన చేయి చేసిన పని, ఒక వీధి పిల్లల కడుపుల్లో తేలుతుంది. అందుకే మంచి తయారీదారు పైపు అంచును ఏటవాలుగా చెక్కిస్తాడు; ఎంత లోపలికి పోవాలో పైపు మీద గీత గీస్తాడు. గీత కనబడుతూనే ఉంటే పని పూర్తి కాలేదని చదువు రానివాడికి కూడా తెలుస్తుంది.

ఇవన్నీ మా చిన్నమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసుకున్నది. చిన్నాయన ఒకసారి పైపు నున్నగా పోతుందని ఇంజను ఆయిలు రాసినాడట.

“ఆయిలు తాగి వాషర్ ఉబ్బిపోయింది బిడ్డా, మళ్ళ గాడిల కూసోలె. గందుకే నేను సబ్బునీళ్ళే రాస్త” అన్నది నాతో.

చలికాలం తెల్లవారగట్ల ఆమె పైపుల జోలికి పోదు. “రబ్బరు బిర్రుగైతది. జరంత పొద్దెక్కనీ” అంటుంది.

ఆ మాట విన్నప్పుడు నాకు ఛాలెంజర్ గుర్తుకు వచ్చింది. 1986 జనవరి 28న గడ్డకట్టే చలిలో ఆ అంతరిక్ష నౌకను ఎగురవేసినారు. రాకెట్టు సంధిలోని రబ్బరు రింగు చలికి బిరుసెక్కి సందును మూయలేకపోయింది. ఏడుగురు చనిపోయినారు. తరువాత విచారణ సంఘంలో ఫైన్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కను మంచునీళ్ళ గ్లాసులో ముంచి, దాని బిరుసుతనాన్ని అందరికీ చూపినాడు. ఆ చలికి ఎగురవేయవద్దని ముందు రోజు రాత్రే కొందరు ఇంజనీర్లు మొత్తుకున్నారు. వినేవారు లేకపోయినారు.

కప్లింగులు తయారుచేసే వారికి నాదొక మనవి. మీ పరీక్షశాలలో ఎన్ని కిలోల ఒత్తిడికి సంధి ఆగుతుందో చూస్తారు. చూడండి, అది అవసరమే. దానితో పాటు ఎంత బలంతో దూరుతుందో కూడా కొలవండి. ఆ కొలతకు కండలు తిరిగిన కుర్రవాణ్ణి నిలబెట్టకండి. కుర్రవాళ్ళు దుబాయిలో ఉన్నారు. అరవై దాటిన ఆడమనిషి, ఒంటరిగా, బురద కాళ్ళతో నిలబడి దూర్చగలిగితే ఆ సరుకును బజారుకు పంపండి.