అంబలి కాగే లోపు

మా ముందుగదిలో తలుపు పక్కన ఒక మేకు ఉంది. మూడేళ్ళుగా దానికి గిటారు వేలాడుతోంది. అంతకు ముందు నాలుగేళ్ళు ఆ గిటారు నల్ల సంచిలో, జిప్పు వేసి, బీరువా వెనక నిలబడి ఉండేది. ఆ నాలుగేళ్ళూ నేను దానికోసం ఒక గంట వెతుక్కుంటూ గడిపాను.

గంట అనగానే నా మనసులో ఒక బొమ్మ ఉండేది. తలుపు వేసిన గది, మోగని ఫోను, దిద్దాల్సిన నోటుపుస్తకాలు లేని బల్ల. సీతంపేటలో పంతులుద్యోగం చేసేవాడికి అలాంటి గంట ఆదివారం కూడా రాదు. పొద్దున హాజరు, మధ్యాహ్నం భోజనాల లెక్క, సాయంత్రం పిల్లల్ని చదివించడం. ఈలోగా ఎవరో ఒకరు కాగితం పట్టుకుని గుమ్మంలోకి వస్తారు. ఆధార్‌లో పేరు తప్పు పడిందనో, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి అర్జీ రాసిపెట్టమనో. వాళ్ళని పొమ్మనలేను, పొమ్మనాలనీ లేదు. కొండమీద నుంచి రెండు గంటలు నడిచి వచ్చిన మనిషి ముందు నా గంట ఏపాటిది? అలా ఒక్కో రోజే దాటిపోయింది. వానాకాలంలో సంచి లోపలికి తేమ చేరి తీగెలకి చిలుము పట్టింది. మార్చాను. మళ్ళీ పట్టింది.

ఒకరోజు అర్జీ రాయించుకోవడానికి సవర తెగకి చెందిన ఒక పెద్దాయన వచ్చాడు. అనాసపళ్ళ కాలంలో నాకు పళ్ళు తెచ్చిచ్చే మనిషి. పెన్ను కోసం నేను బీరువా దగ్గరికి వెళ్తే, ఆయన వెనకనున్న సంచిని చూసి అడిగాడు.

"ఏటి మాస్టారూ, దీన్ని మూట కట్టీసి ఎక్కడికి పంపిత్తన్నారు?"

గిటారని చెప్పాను. తీసి చూపించాను. ఆయన దాని పొట్ట మీద వేలితో కొట్టి చూసి, వాళ్ళ నాన్న దగ్గర కూడా ఒకటుండేదన్నాడు. వెదురు బద్దకి సొరబుర్రలు కట్టి, రెండు తీగెలు లాగిన వాయిద్యం. పొయ్యి పక్కన గుంజకి తగిలించి ఉండేదట.

"ఎప్పుడు వాయించేవాడు?" అని అడిగాను. నా మనసులో ఉన్న ప్రశ్న అదొక్కటే కదా.

"ఎప్పుడేటి బాబూ, పోడు నుంచి వచ్చినాక, అంబలి కాగీ లోపల."

ఆ మాట నన్ను వదల్లేదు. చోడి అంబలి కాగడానికి ఎంతసేపు పడుతుంది? పావుగంటో ఇరవై నిమిషాలో. ఆ మనిషి ఎవరి దగ్గరా సమయం అడగలేదు, దేన్నీ పక్కకి నెట్టలేదు. పొయ్యి మీద కుండ ఉంది, చెయ్యి చాస్తే తీగె ఉంది. నాకు కొరవడింది గంట కాదని, చెయ్యి చాచేంత దూరమని అప్పుడు తెలిసింది. మర్నాడే గోడకి మేకు కొట్టాను.

మేకు మీదికి వచ్చాక గిటారు మారిపోయింది. స్టవ్ మీద పాలు పెట్టి తీస్తాను, కరెంటు పోతే తీస్తాను. మొదట్లో పాటలు వాయించాలని ఆరాటపడేవాణ్ణి, ఇప్పుడు సరళీ వరసలు వాయిస్తాను. పురందరదాసు మనవాళ్ళకి మొదటి పాఠంగా పెట్టిన మాయామాళవగౌళ ఒకే తీగె మీద దొరుకుతుంది. వట్టి తీగె షడ్జం. తర్వాత 1, 4, 5, 7, 8, 11 మెట్లు. 12వ మెట్టు దగ్గర తీగె సరిగ్గా సగమవుతుంది, అక్కడ పై షడ్జం పలుకుతుంది. స్పెయిన్‌లో రూపు తీర్చుకున్న వాయిద్యం మీద మన చిన్నపిల్లల పాఠం అంత తేలిగ్గా అమరుతుందని తెలిసిన రోజున నేను చాలాసేపు ఆ ఒక్క తీగె మీదే ఉండిపోయాను. రిషభానికీ గాంధారానికీ మధ్య మూడు మెట్ల దూరం, చిటికెనవేలు సాగాలి. నొప్పి పుడుతుంది. ఆ నొప్పి నాకిష్టం.

రాత్రి పడుకోబోయే ముందు వాయించిందే నాకు ఎక్కువ నిలుస్తుంది. దానికీ కారణం ఉందట. 2002లో హార్వర్డ్ వైద్య పాఠశాల పరిశోధకులు కొందరి చేత వేళ్ళతో ఒక అంకెల వరస పదే పదే తట్టించారు. నిద్రపోయి లేచాక వాళ్ళ వేగం సుమారు 20 శాతం పెరిగింది. మెలకువగా గడిపిన గంటల్లో అలా పెరగలేదు. అంటే నేను గిటారు మేకుకి తగిలించి దీపం ఆర్పాక కూడా వేళ్ళు ఎక్కడో సాధన చేస్తూనే ఉన్నాయన్నమాట. నిద్రే లోపిస్తే ఆ సాధన కూడా పోతుంది. అందుకే నిద్ర మానుకుని వాయించడం ఎప్పుడో మానేశాను.

ఎడమచేతి వేళ్ళ చివర్లు ఇప్పుడు కాయలు కాశాయి. రెండు మూడు వారాలు ముట్టకపోతే మెత్తబడిపోతాయి, మళ్ళీ మొదటినుంచి మంట. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ఒకసారి నా వేళ్ళు తడిమి చూసి, తన అరచెయ్యి చాపి పక్కన పెట్టాడు. వాడి కాయలు సెలవుల్లో జీడితోటలో పార పట్టి కాసినవి. నావాటికంటే గట్టివి. ఇద్దరం కాసేపు చేతులు చూసుకున్నాం. ఏమీ అనుకోలేదు.

ఇలా బడికీ తీగెకీ మధ్య గడిచే రోజుల్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు ఎక్కువగా గుర్తొస్తారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. నాకు గుర్తొచ్చేది వంశధార అవతల పర్లాకిమిడిలో, 1880లో 30 రూపాయల జీతం మీద చేరిన కుర్ర పంతులు. ఆయనకీ బడి ఉంది, ఇల్లుంది, దిద్దాల్సిన పుస్తకాలున్నాయి. వాటి మధ్యనే ఈ కొండల సవరల మాట నేర్చుకోవాలనిపించింది. అప్పటికి ఆ మాటకి లిపి లేదు, నిఘంటువు లేదు. గొంతులో చటుక్కున ఆగిపోయే అచ్చులు అందులో ఉన్నాయి. తెలుగు చెవికి అవి ఒక పట్టాన అందవు. సవర తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, వింటూ, అంటూ, రాసుకుంటూ నేర్చుకున్నారు. మాటని ఇంట్లోకి తెచ్చుకున్నారు! నా మేకు కథ చాలా చిన్నదే కానీ, ఆ పని చూసినప్పుడు నాకు పొయ్యి పక్క గుంజే కనిపిస్తుంది. సవర భాష మీద ఆయన రాసిన వ్యాకరణ గ్రంథం మద్రాసు ప్రభుత్వం వేసేసరికి 1931. పంతులుగా చేరి యాభై ఏళ్ళు దాటింది. ఆ కొండల్లో తిరుగుతుంటే మలేరియా పట్టింది, దానికి మింగిన క్వినైన్ చెవులు తీసేసింది. చెవితో పట్టుకున్న భాషకి చెవినే ఇచ్చేశారు. ఈ సంగతి తలచుకున్న రాత్రి నేను శ్రుతి చేసుకోవడానికి రోజూకంటే కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను. తీగె మెల్లగా బిగిస్తూ, పక్క తీగెతో కలిసే ఆ చోటు వచ్చేదాకా వింటాను.

నాకిప్పటికీ ఎఫ్ కార్డు శుభ్రంగా పలకదు. చూపుడువేలు ఆరు తీగెల మీదా అడ్డంగా ఆనాలి. రెండో తీగె దగ్గర వేలి గణుపు పల్లం వచ్చి మూగబోతుంది. వేలు పక్కకి కొంచెం వాల్చమని ఒక వీడియోలో చూశాను. వాల్చితే ఒక్కోసారి పలుకుతోంది.

సోమవారం ఇక్కడ సంత. చీకటుండగానే ఆటోలూ జీపులూ మొదలవుతాయి. పసుపు, చింతపండు, కొండచీపుళ్ళు, కాలాన్ని బట్టి సీతాఫలాలూ అనాసలూ కావిళ్ళ మీదా తలల మీదా దిగుతాయి. మొన్న సోమవారం స్టవ్ మీద నీళ్ళు పెట్టి గుమ్మంలో కూర్చుని సరళీ వరసలు వాయిస్తున్నాను. పెద్దాయన కావిడితో వచ్చి మెట్టు పక్కన దించాడు. అర్జీ సంగతి అడుగుతాడేమోనని గిటారు పక్కన పెట్టబోయాను.

"కానీయండి మాస్టారూ, సంతకింకా టైముంది" అంటూ మెట్టు మీద కూర్చున్నాడు.