శాన్ ఆంటోనియో బజారులో 'నో తోకె'

ఇండియా నుంచి ఎవరొచ్చినా మేం ఆస్టిన్ నుంచి 80 మైళ్లు కారులో వెళ్లి శాన్ ఆంటోనియో చూపిస్తాం. అలామో చూసి పెద్దవాళ్లు "ఇంతేనా" అంటారు. మార్కెట్ స్క్వేర్‌లో మాత్రం ఓ పట్టాన కదలరు. తలపైన రంగు కాగితాల తోరణాలు, ఎటు చూసినా మెక్సికో పింగాణీ, తోలు సంచులు, బేకరీలోంచి తీపి రొట్టెల వాసన. మన ఊరి తిరనాళ్లే, కాకపోతే ఏసీ ఉంటుంది.

ఈసారి అత్తయ్యగారు వచ్చారు. పింగాణీ కొట్లో అట్టముక్క మీద 'నో తోకె' అని ఉంటే మా అమ్మాయి పైకి చదివింది.

"తోకేంటే? ఎవరి తోక?"

"తాకకండి అని, నానమ్మా."

స్పానిష్‌లో తాకడాన్ని 'తోకార్' అంటారు. వద్దని చెప్పాలంటే ఇలాంటి క్రియల చివర 'ఎ' చేరుతుంది. చిక్కంతా అక్కడే. 'క' శబ్దానికి వాళ్లు రాసేది సి అక్షరం, దాని పక్కన ఇ అక్షరం వస్తే 'స' అయిపోతుంది. అందుకని సి తీసేసి క్యూ, యు రాస్తారు. 'పగార్' అంటే డబ్బు కట్టడం. కట్టకండి అనాలంటే జి తర్వాత యు దూర్చి 'నో పాగె'. దాటడం 'క్రుసార్'లో జడ్ ఉంటుంది, 'నో క్రూసె'లో సి వస్తుంది. స్పెల్లింగ్ మారేది శబ్దం మారకుండా ఉండడానికే. తెలుగులో రాసుకుంటే ఈ గొడవే కనబడదు, మన 'క' ఏ గుణింతంలోనైనా 'క'యే. పిల్లలు పరీక్షలో మార్కులు పోగొట్టుకునేది మాత్రం ఇక్కడే.

నాకు నచ్చింది ఇంకోటి. ఇంగ్లీషులో 'డోంట్' ఒక్కటే, చిన్నా పెద్దా లేదు. స్పానిష్‌లో 'నో తోకెస్' అంటే తాకకు, 'నో తోకె' అంటే తాకకండి. బళ్లో పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఎక్కువ కాబట్టి నోటికి మొదటిదే వస్తుంది.

ఆ కొట్టావిడకి అత్తయ్య వయసే ఉంటుంది. నీలం గిన్నెకి జత కావాలంటే స్టూలెక్కబోయింది. మా అమ్మాయి కంగారుగా "నో బుస్..." అని ఆగి, ఒక్క క్షణం ఆలోచించి, "నో బుస్కె, సెన్యోరా" అంది.

"ఏమంది?" అన్నారు అత్తయ్య.

"వెతక్కండీ, అంది."

ఆవిడ వింటేగా! ఎక్కనే ఎక్కింది. జత గిన్నె తీసి, దుమ్ము తుడిచి, అత్తయ్య చేతుల్లోనే పెట్టింది. అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ధర రూపాయల్లో ఎంతో నన్ను లెక్కకట్టమన్నారు.