తప్పునకు మేర

ఆటలయందు ధర్మశాస్త్రమేమి యని కొందఱు సోదరీమణులు నవ్వవచ్చును. అమెరికాలో నెలకొన్న మన తెలుగు కుటుంబముల పిల్లలు సైత మాడు బేస్‌బాల్ అను బంతియాట నిబంధనలను చూచిన పిదప మాకు నవ్వు రాలేదు.

ఆ మైదానమున నాలుగు మూలల నాలుగు బేసు లుండును. ఒకదానినుండి మఱియొకదానికి 90 అడుగులు. బంతిని గొట్టినవాఁడు మూఁడు బేసులను వరుసగా దాఁకి, బయలుదేరిన చోటికే మరలి రావలెను. ఆ చోటికి వారిడిన పేరు 'ఇల్లు'. ఇల్లు చేరినగాని పరుగు లెక్కకు రాదు.

తప్పులను వారు రెండు తెగలుగా నేర్పఱచిరి. బంతిని పట్టబోయి జాఱవిడిచినచో బంతి 'ప్రాణముతో' నున్నట్లే, ఆట యాఁగదు. ఎదిరిపక్షమువాఁడు చేతనైనంత దూరము పరుగెత్తవచ్చును. నడుమ దొరకెనా, అవుటగును. లెక్క వ్రాయువారు జాఱవిడిచినవాని పేర 'ఎర్రర్' అని యొక గుర్తు వేయుదురు. అంతియే. విసరిన బంతి మైదానము దాఁటి ప్రేక్షకులలో బడినచో నది 'చచ్చిన' బంతి. పరుగెత్తువారికి అంపైరు రెండేసి బేసులిచ్చును. కావలెనని టోపీ తీసి, విసరిన బంతి నడ్డగించినచో రెండు. కొట్టిన బంతి నడ్డగించినచో మూఁడు. ప్రతి తప్పునకును మేర గలదు.

మన నెల్లూరి తిక్కన సోమయాజికి దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతన, మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర దెనిఁగించెను. అందు ఆచార వ్యవహారములతో బాటు ప్రాయశ్చిత్తమునకును తావు గలదు. ప్రాయశ్చిత్తమైన పిదప దోషము తీరవలెను గదా!

లోకము మాత్ర మంత సులభముగా దీర్పదు. 1986 అక్టోబరు 25వ తేదీని న్యూయార్కులో బాస్టన్ రెడ్‌సాక్స్ జట్టునకును, న్యూయార్క్ మెట్స్ జట్టునకును వరల్డ్ సిరీసులోని ఆఱవ పందెము జరిగెను. పదవ ఇన్నింగ్సులో లెక్క అప్పటికే సమానమై యున్నది. అంతట బిల్ బక్నర్ కాళ్లసందునుండి బంతి దొర్లిపోయెను. బంతి ప్రాణముతో నున్నది గావున రెండవ బేసునందున్నవాఁడు ఇల్లు చేరెను. మెట్స్ 6-5తో గెలిచిరి. ఏడవ పందెమును వారే గెలిచిరి. పుస్తకమున బక్నర్ పేర బడినది ఒక్క గుర్తు. జనులు మాత్రము ఓటమినంతయు నతని తలకే కట్టిరి. 2008 ఏప్రిల్ 8వ తేదీని బాస్టనులో నతనిచే తొలిబంతి వేయించినపుడు ప్రేక్షకులు లేచి నిలిచి చప్పట్లు గొట్టిరి. నడుమ ఇరువదియొక్క యేండ్లు గడచినవి.

మన యిండ్లలో నేమి జరుగుచున్నది? క్రొత్తకోడలు పాలు పొంగించినచో, ఆ కథ యామె బిడ్డల పెండ్లివఱకు నడచును. పొయ్యి తుడిచిన వెంటనే తీరవలసిన తప్పది. మా చిట్టమూరి బాలికలు చెడుగుడాడునపుడు 'చచ్చిన' పిల్ల గీఁత వెలుపల గూర్చుండును. తనవా రెదుటిపక్షమున నొకతెను పట్టగానే బ్రతికి లోనికి వచ్చును. పాత తప్పును దానికెవ్వరును జ్ఞప్తిచేయరు. ఆ పిల్లలే రేపు కోడండ్రు, ఎల్లుండి అత్తలు. ఆటనాఁటి యీ న్యాయమును వారు అత్తవారింటికి వెంటగొని పోవుదురు గాక!