కోటిమంది జిల్లా

లాస్ ఏంజెలెస్ అనగానే మనకు సినిమాతారలూ, సముద్రతీరమూ జ్ఞాపకం వస్తాయి. మా అమ్మాయి కాపురమున్న ఇంటికి ఆ రెండూ దూరమే. మూడు నెలలు వున్నాను గాని ఒక్క తార అయినా కంటబడలేదు. నేను చూసిందల్లా జనాన్ని, వాళ్ళ పిల్లలనూ.

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా వంటిది. ఊరి పేరే జిల్లాకూ పెట్టారు. ఆ ఒక్క జిల్లాలో నగరాలు 88! విస్తీర్ణం నాలుగువేల చదరపు మైళ్ళ పైచిలుకు. 2022లో మూడు ముక్కలు కాకముందు మన గుంటూరు జిల్లా ఎంతో, అదీ ఇంచుమించు అంతే. గుంటూరువాణ్ణి గనుక ఈ పోలిక నాకు చటుక్కున తట్టింది. కాని మన జిల్లాలో 2011 లెక్కలనాటికి వున్నది నలభైతొమ్మిది లక్షలమంది. అక్కడ 2020లో లెక్కపెడితే కోటీ పద్నాలుగువేలు తేలారు. ఆ తరువాత కొంచెం తగ్గి, కోటికి దిగువకు వచ్చారనుకోండి.

ఇంతమందిలో 'మేమే ఎక్కువ' అని రొమ్ము విరుచుకోగలవాళ్ళు ఎవరూ లేరు. నూటికి నలభై ఎనిమిదిమంది మెక్సికో మొదలైన లాటిన్ దేశాల సంతతి. తెల్లవారు పాతికమంది. ఆసియావారు పదిహేనుమంది, నల్లవారు ఎనిమిదిమంది. మిగిలింది కలగాపులగం. ఇంట్లో ఇంగ్లీషు కాక మరో భాష మాట్లాడేవారు సగానికి మించి వున్నారు. ఇది ఈనాటి వింతేమీ కాదు. టోంగ్వా అనే ఆదివాసులుండే ఆ చోటికి స్పెయిన్ దొరతనంవారు 1781లో మెక్సికో నుంచి పదకొండు కుటుంబాలను, నలభైనాలుగుమందిని, తెచ్చి దింపారు. వాళ్ళలో సగంమందికి పైగా ఆఫ్రికా రక్తం కలిసినవారే. ఊరు పుట్టడమే సంకరంగా పుట్టింది. 1965లో అమెరికా వలస చట్టం మారాక ఆసియా ఖండానికి తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

అల్లుడు సెలవురోజుల్లో కారెక్కించి తిప్పేవాడు. గ్లెండేల్‌లో ఆర్మీనియావాళ్ళు, మాంటెరీ పార్కులో చైనావాళ్ళు, లాంగ్ బీచిలో కాంబోడియావాళ్ళు. అరగంటకో దేశం! ఆర్టీషియాలో పయొనీర్ బులెవార్డు మీద చీరలకొట్లూ, నగలకొట్లూ, మిఠాయిదుకాణాలూ చూసేసరికి ప్రాణం లేచివచ్చింది. కెలబాసస్ కొండల్లో వేంకటేశ్వరస్వామి ఆలయం వుంది. అక్కడ తెలుగు వినిపిస్తే వెనక్కి తిరిగి చూడక్కరలేదు, నాలుగువైపులా అదే.

ఆర్టీషియా పక్కనే సెరిటోస్. 1956లో అది పాడిపశువుల ఊరు. పేరే 'డెయిరీ వేలీ'. 1967లో పేరు మార్చుకుంది. ఆవులు పోయి ఇళ్ళు వచ్చాయి. ఇప్పుడక్కడ ఆసియావాళ్ళదే పెద్ద వాటా.

బడుల సంగతికి వస్తాను. జిల్లాలో స్కూలు డిస్ట్రిక్టులు 80. వాటిలో పెద్దది లాస్ ఏంజెలెస్ యూనిఫైడ్. ఆ బడుల పిల్లల ఇళ్ళలో తొంభైకి పైగా భాషలున్నాయట. పిల్లల్లో నాలుగింట మూడువంతులకు దగ్గరగా లాటినోలే. ఇరవయ్యేళ్ళ కిందట ఏడు లక్షలు దాటిన సంఖ్య ఇప్పుడు నాలుగు లక్షల దరిదాపులకు పడిపోయింది. కాన్పులు తగ్గాయి, కొందరు చార్టర్ బడులకు మళ్ళారు. అన్నిటికంటె ముఖ్యం ఇంటద్దెలు. పిల్లలుగల సంసారి అద్దెకు జడిసి, తూర్పున రివర్సైడు, శాన్ బెర్నార్డినో వైపు మూటాముల్లె సర్దుకుంటున్నాడు. పిల్లలు తగ్గితే బడికి వచ్చే డబ్బూ తగ్గుతుంది.

మా మనుమరాలికి అయిదో ఏడు. బడిలో చేర్చే కాగితాల్లో 'ఇంటిభాష' ఫారం ఒకటి వుంది. నాలుగే ప్రశ్నలు. పిల్లకు మొదట మాటలు వచ్చినది ఏ భాషలో? ఇంట్లో ఎక్కువగా ఏది మాట్లాడుతుంది? తల్లిదండ్రులు దానితో ఏది మాట్లాడతారు? పెద్దలు తమలో తాము ఏది మాట్లాడుకుంటారు?

మొదటి ప్రశ్న దగ్గరే అమ్మాయి కలం ఆగిపోయింది.

"నిజం రాస్తే ముప్ఫై రోజుల్లో పరీక్ష పెడతారు నాన్నా. ఇంగ్లీషు సరిగా రానిదని ముద్ర పడితే ఏళ్ళతరబడి వెంటాడుతుందట. అందరూ ఇంగ్లీషనే రాసేస్తున్నారు."

"రాసెయ్యి, పోయేదేముంది?" అన్నాడు అల్లుడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అబద్ధం ఆడవద్దని నీతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఈ అమ్మాయినే రెండో తరగతిలో ఇంగ్లీషు మీడియంలో వేసి, ఇంట్లో తెలుగు మాట్లాడితే పావలా జుల్మానా పెట్టినవాణ్ణి నేను. అది మరిచిపోయి వుంటుందనుకున్నాను. నా వైపు చూసిన చూపులో మరిచిపోలేదని తెలిసింది.

ఈ తగవు అక్కడి ప్రభుత్వానికీ తెగలేదు. 1998లో ఓటర్లు బడుల్లో రెండు భాషల బోధనను దాదాపు తీసేశారు. 2016లో ఓటర్లే ఆ నిర్బంధాన్ని ఎత్తివేశారు. ఈలోగా పద్దెనిమిదేళ్ళు గడిచాయి. ఒక తరం పిల్లలు బడి దాటిపోయారు. ఈమధ్యలోనే, 2011లో, రెండు భాషలు బాగా వచ్చిన పిల్లల హైస్కూలు పట్టాకు ప్రత్యేకముద్ర వేసే చట్టం కూడా చేశారు!

అమ్మాయి చాలాసేపు అలాగే కూర్చుంది. తరువాత నాలుగు గడుల్లోనూ 'తెలుగు' అని రాసి, నన్ను చూడకుండా సంతకం పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అల్లుడు నాతో ఎక్కువ మాట్లాడలేదు.

పరీక్షనాడు మనుమరాలిని నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. బయట బల్లమీద నా పక్కన ఒక కొరియా అమ్మమ్మ, ఒక మెక్సికో తండ్రి. ఒకరి భాష ఒకరికి రాదు. ముగ్గురమూ తలుపు వంకే చూస్తూ కూర్చున్నాం. పిల్ల ఎగురుకుంటూ బయటికి వచ్చింది.

"ఏమడిగారే తల్లీ?"

"బొమ్మలు చూపించి చెప్పమన్నారు తాతయ్యా. అన్నీ చెప్పాను. కుక్కని తెలుగులో కూడా చెప్పాను గాని, టీచర్ అది రాసుకోలేదు."