చోళమండలంలో ఒక పూట

మేము మూడు తరాలుగా మద్రాసులో ఉంటున్నవాళ్ళం. ఊరి పేరు చెన్నైగా మారినా మా ఇంట్లో ఇప్పటికీ మద్రాసే. చుట్టాలెవరైనా వస్తే మెరీనా, మైలాపూరు చూపించి, చివరికి మహాబలిపురం తీసుకువెళ్ళడం మా ఆనవాయితీ. ఆ దారిలో, తూర్పు తీర రోడ్డు మీద ఇంజంబాక్కం దగ్గర చోళమండలం కళాకారుల గ్రామం ఉంది. దాన్ని ఎన్నిసార్లు దాటి వెళ్ళామో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఆగలేదు. "మోడరన్ ఆర్టు మనకేం అర్థమవుతుంది లెండి" అని మాకు మేమే చెప్పుకునేవాళ్ళం.

పోయిన వేసవి సెలవుల్లో మా మనవరాలు పట్టుబట్టింది. దానికి పదేళ్ళు. బొమ్మలంటే ప్రాణం. "నేనూ వస్తాను" అని ఎనభై నాలుగేళ్ళ మా అమ్మ కూడా చీర మార్చుకుంది. ముగ్గురం బయలుదేరాం.

పొద్దున్నే మెరీనా మీదుగా వెళుతూ శ్రామిక విజయం విగ్రహం దగ్గర కాసేపు దిగాం. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ఆ విగ్రహాన్ని 1959లో అక్కడ నిలిపారు. నలుగురు మనుషులు పెద్ద బండను కదిలిస్తుంటారు. "ఆ రాయి కదిలిందా అవ్వా?" అని మనవరాలు అడిగింది. "నా పెళ్ళికి ముందు నుంచీ తోస్తూనే ఉన్నారే" అంది మా అమ్మ. అందరం నవ్వుకున్నాం. ఆ విగ్రహం నీడలో కూర్చుని సుండల్ తినేవాళ్ళెవరూ దాని అర్థమేమిటని అడగరు. చూడగానే ఒంట్లో బరువు తెలుస్తుంది, అంతే.

ఈ రాయ్ చౌధురిగారే 1929 నుంచి 1957 వరకు మద్రాసు చిత్రకళా పాఠశాలకు అధిపతి. ఆయన తరువాత ఆ కుర్చీలోకి వచ్చినవారు కె.సి.ఎస్. పణిక్కర్. చదువు ముగిసిన శిష్యులు బతకడానికి ఏదో ఒక ఉద్యోగంలో చేరి కుంచె వదిలేస్తున్నారని ఆయన బెంగ. అందుకని అందరూ కలిసి ఒక ఉపాయం చేశారు. బట్ట మీద మైనంతో బాతిక్ అద్దకాలు, రకరకాల చేతిపనులు చేసి అమ్మారు. ఆ డబ్బుతో సముద్రం ఒడ్డున ఇసుక నేల కొన్నారు. అలా 1966లో ఈ గ్రామం వెలిసింది. చేతిపని కడుపు నింపితే, చిత్రం తన దారిన తాను పోవచ్చునన్నది వాళ్ళ లెక్క. సర్కారు సొమ్ము కోసమో, జమీందారు దయ కోసమో ఎదురుచూడకుండా కళాకారులు తమ ఊరు తామే కట్టుకున్నారన్నమాట.

లోపల చెట్ల మధ్య రాతి శిల్పాలు, లోహపు శిల్పాలు ఉన్నాయి. మనవరాలు ఒక్కొక్కదాని చుట్టూ తిరిగి, ఇది పక్షి, ఇది పడవ అని పేర్లు పెడుతూ పోయింది. పక్కనే మద్రాసు కళోద్యమానికి సంబంధించిన మ్యూజియం. దాన్ని 2009లో తెరిచారు. అక్కడ పణిక్కర్ చిత్రం ముందు మా అమ్మ నిలబడిపోయింది.

1963 నుంచి ఆయన 'పదాలు, చిహ్నాలు' అనే వరుసలో చాలా చిత్రాలు వేశారు. వాటిలో గళ్ళు, చక్రాలు, పట్టికలు, వాటి మధ్య చీమల బారుల్లాగా రాత కనిపిస్తాయి. ఆ రాత మలయాళ లిపిలా ఉంటుంది, కానీ చదవబోతే ఏ మాటా పలకదు. చదవకుండా చూడాలని కావాలనే అలా రాశారాయన.

"ఇది జాతకం కదూ!" అంది మా అమ్మ. "మా నాన్న నాకు రాయించినది అచ్చం ఇలాగే ఉంటుంది. పన్నెండు గళ్ళు, నాలుగు మూలలా పసుపు." మోడరన్ ఆర్టు అర్థం కాదని జీవితమంతా భయపడినవాళ్ళం మేము. మా అమ్మకు మాత్రం అది తన ట్రంకుపెట్టెలో ఉన్న కాగితమే అయింది. నిజానికి పణిక్కర్‌ కూడా ఆ గళ్ళను మన జాతకచక్రాల నుంచే తీసుకున్నారు.

"ఏమి రాసుంది పెద్దవ్వా, చదువు" అంది మనవరాలు.

"ఇది చదివేది కాదమ్మా, చూసేది."

అది కాసేపు చూసి, "నీ పుస్తకాలు కూడా నాకు ఇలాగే ఉంటాయి" అంది.

మా అమ్మ మాట్లాడలేదు. నాకు గొంతు పట్టేసినట్లయింది. బడిలో తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో మాట తెలుగే. కానీ నా కూతురికి నేను అక్షరాలు నేర్పలేదు, అది తన కూతురికి నేర్పలేదు. "మాట ఉంది కదా, చాలు" అనుకున్నాం. పణిక్కర్ కావాలని అక్షరాలను బొమ్మలుగా మార్చారు. మేము చూసుకోకుండానే మార్చేశాం.

బెంగుళూరులో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఈ పత్రిక చదువుతున్న మీ ఇళ్ళలో సంగతి మీకే తెలియాలి.

ఈ మద్రాసు బడిలో మనవాళ్ళూ చదివారు. ఆంధ్రదేశంలో పుట్టిన ఎం. రెడ్డెప్పనాయుడు ఇక్కడే చిత్రకళ నేర్చుకుని, దేవతామూర్తులను కొత్త గీతల్లో నిలిపారు. ఈసారి మహాబలిపురం వెళ్ళేటప్పుడు ఒక గంట ఇక్కడ ఆగండి. పిల్లలను, పెద్దలను కలిపి తీసుకువెళ్ళండి. వివరించడానికి తొందరపడకండి. ఎవరికి ఏమి కనిపించిందో వాళ్ళనే చెప్పనివ్వండి.

ఇంటికి వచ్చాక మా అమ్మ ట్రంకుపెట్టె తెరిచి జాతకం తీసింది. మడతల దగ్గర చిరిగి ఉంది. "ఇందులో నీ పేరెక్కడ?" అని మనవరాలు అడిగితే వేలు పెట్టి చూపించింది. అది డ్రాయింగు పుస్తకంలో ఆ నాలుగు అక్షరాలను బొమ్మ వేసినట్లే వేసింది. ఒక ఒత్తు తప్పింది. అమ్మ దాని చెయ్యి పట్టుకుని దిద్దించింది. మరునాడు నేను బజారుకు వెళ్ళి రెండు పలకలు కొన్నాను. ఒకటి మనవరాలికి, ఒకటి దాని తల్లికి.