దశమభాగం, టైంషీటు

జీతం రాగానే మా నాన్న ముందు దశమభాగం తీసి కవర్లో పెట్టేవారు. నేనూ అంతే. ఇక నా భక్తికి లోటేముంది అనుకునేవాణ్ణి.

ఈమధ్య ఆర్.జి. లెటర్నో (1888-1969) గురించి చదివాను. అమెరికాలో మట్టి తవ్వి చదునుచేసే భారీ యంత్రాలు తయారుచేసినాయన. దేవుడి సేవకి వెళ్ళాలేమోనని మథనపడుతుంటే, దేవుడికి వ్యాపారస్తులు కూడా కావాలన్నారట వాళ్ళ పాస్టరు. తర్వాత్తర్వాత ఆదాయంలో 90 శాతం ఇచ్చేసి, మిగిలిన 10తో బతికాడు.

అంత నావల్ల కాదు లెండి, ఇంటి ఈఎంఐ ఉంది! కానీ ఆ పాస్టరు మాటే గుచ్చుకుంది. ఆఫీసు పనీ దేవుడి పనే అయితే, పోయిన శుక్రవారం 5 గంటలు పనిచేసి టైంషీట్లో 8 వేశానే, దాని సంగతేంటి? కవర్లో పెట్టబోయే దశమభాగంలో ఆ 3 గంటల డబ్బూ ఉంటుందిగా.

సోమవారం మేనేజరుకి చెప్పి సరిచేశాను. "ఇప్పుడిది అవసరమా?" అన్నాడు. క్లయింటుకి ఇన్వాయిస్ ఇంకా వెళ్ళలేదు కాబట్టి సరిపోయింది.