అరుగుమీది దువ్వెన

మా పెరటిగోడమీద ప్రతిదినము మధ్యాహ్నమున కోతుల సభ జరుగును. వానివలన జామచెట్టున కాయ నిలువదు. వంటయింటి పెంకులు చెదరిపోవుచున్నవి. మా మనుమడు కఱ్ఱ పుచ్చుకొని లేవని దినము లేదు. నేనును వానియెడ నంత కనికరము గలదానను కాను. అయినను భోజనములైన పిమ్మట వసారాలో గూర్చుండి వాని నొక గడియసేపు చూడక యుండలేను. ఒక ముసలికోతి గోడమీద బోరగిల పరుండును. దాని వెనుక మఱియొకటి చేరి, రెండు చేతులతోను రోమములను పాయలు తీసి, గోటితో నేదియో గిల్లి నోట వైచుకొనును. కొంతసేపటికి వంతు మాఱును. పిల్లకోతి నడుమ దూఱి తల్లిచేతి క్రింద తల పెట్టును. దీనిని జూచినపుడెల్ల చిన్ననాటి మా యరుగు నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

కోతులు చర్మముమీది యుప్పు నేఱి తినునని మా పెద్దలు చెప్పెడివారు. అది నిజము కాదు. జపానుదేశపు కోతులను మిక్కిలి దగ్గఱనుండి పరీక్షించినవారు, అవి యేఱి తినునది దాదాపుగా నంతయు ఈళ్ళే యని 1990 ప్రాంతమున తేల్చిరి. కాని యీళ్ళకొఱకే యైనచో నంత పొద్దు పుచ్చవలసిన పని లేదు. తాలపోయిన్ అను చిన్నజాతి కోతులను గూర్చిన యొక పరిశోధన 1989లో వెలువడినది. దువ్వించుకొనుదాని శరీరమున ఎండార్ఫిన్ అను ద్రవ్యము హెచ్చునట. నల్లమందు కలిగించు నిశ్చింతవంటిది దీనివలనను గలుగును. మా యరుగుమీద పిల్లలు తల యప్పగించి తూగుచుండుటకు కారణము నాకు డెబ్బదియేండ్లు దాటినపిదప తెలిసినది!

ఇందు చేబదుళ్ళును గలవు. రాబర్టు సేఫార్తు, డొరొతీ చెనీ యను దంపతులు కెన్యాదేశమున అంబోసెలిలో వర్వెట్ కోతుల నడుమ నొక పరీక్ష చేసి 1984లో ప్రకటించిరి. ఒక కోతి సాయమునకై వేసిన కేకను యంత్రమున పట్టి, చాటునుండి మఱియొక కోతికి వినిపించిరి. బంధుత్వము లేని కోతులు, ఆ కేక వేసినది కొంచెము ముందు తమ్ము దువ్వినదైనచో, దువ్వనప్పటికంటె నెక్కువసేపు ఆ వైపు చూచినవి. దగ్గఱి బంధువుల విషయమున మాత్రము దువ్వినను దువ్వకున్నను భేద మగపడలేదు. పొరుగింటివారికి బదులు తీర్చుదుము గాని యక్కచెల్లెండ్ర నడుమ పద్దు వ్రాసికొందుమా?

ఆ దంపతులే పిమ్మట బోట్స్వానాలోని ఒకవాంగో ప్రాంతమున బబూనులను పెక్కేండ్లు పరిశీలించిరి. అచ్చటి సిల్వియా యను నాడుదాని సంగతి నన్ను మిక్కిలి కలచినది. అది గొప్ప యంతస్తు గలది. తక్కువవానిని దరి చేరనీయదు. దాని స్నేహమంతయు కూతురు సియెరాతోనే. ఆ కూతును సింహము చంపినది. పిమ్మట సిల్వియా, తాను మునుపు కన్నెత్తి చూడని తక్కువ యంతస్తువాని కడకు బోయి దువ్వసాగినది. దాని యొక్కదాని మాటయే కాదు. దగ్గఱివారిని క్రూరమృగములకు పోగొట్టుకొనిన యాడుబబూనుల దేహమున నాందోళనకు గుర్తగు ద్రవ్యము హెచ్చెననియు, అవి మునుపటికంటె నెక్కువమందితో చెలిమి చేసి దువ్వుకొనసాగెననియు, ఆ ద్రవ్యము మరల తగ్గెననియు 2006లో ప్రకటించిరి.

అది చదివిన దినమున నాకు నిద్ర పట్టలేదు. మా మేనత్త కన్నులకు గట్టినది.

ఆమె పదునెనిమిదవ యేట భర్తను పోగొట్టుకొని మా యింటికి వచ్చినది. వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీని తొలి వితంతువివాహము జరిపించి యప్పటికే యేబదేండ్లు దాటినవి. ఆ సంగతి మా తాతగారికి తెలియనిది కాదు. నలుగురిలో దానిని మెచ్చుకొనెడివారు కూడను. ఇంటిలో మాత్రము మంగలి పెరటిత్రోవను వచ్చి పోవుచునే యుండెను. నాకు బుద్ధి తెలిసిన 1955 ప్రాంతమునకు అత్తయ్యకు నలువదేండ్లుండును. మధ్యాహ్నమున ఆడువారు అరుగుపై నొకరి వెనుక నొకరు గూర్చుండి తలలు దువ్వుకొనెడివారు. ఊరి కబుర్లన్నియు నచ్చటనే చిక్కు విడెడివి. పిల్లలందఱి తలలును అత్తయ్యయే చూచెడిది; పేలు పట్టుటలో ఆమె వ్రేళ్ళకు సాటి లేదు. ఆమె వెనుక నెవ్వరును గూర్చుండెడివారు కారు. వెండ్రుక లున్న గదా దువ్వుటకు! ఆమెను కొట్టినవారు లేరు. అన్నము పెట్టనివారు లేరు. శుభకార్యమునకు బయలుదేఱునపుడు మాత్రము, “కాస్త లోపలుండు” అనెడివారు. సంవత్సరము పొడవునను ఆమె తలను తాకెడి చేయి ఆ మంగలిది యొక్కటే యని నాకప్పుడు తోచలేదు.

మనుష్యులను కోతులతో పోల్చుట తగదని కొందఱందురు. కోతికి శాస్త్రములు లేవు, నిజమే. సిల్వియాను లోపలుండుమని చెప్పిన కోతియు లేదు.

నాకు తొమ్మిదవయేట నొకనాడు అత్తయ్య నా జడ వేయుట ముగించి గోడకు జేరగిలబడినది. తలమీది చెఱగు జాఱినది. నేను ఆటగా వెనుక జేరి, ఆ కుఱుచ వెండ్రుకలలో పేలు వెదకినట్లు నటించి, గోళ్ళు రెండును కలిపి టక్కున చప్పుడు చేసితిని.

“అందులో ఏముందే, పిచ్చిపిల్లా!” అన్నది. అన్నదే గాని చెఱగు సవరించుకొనలేదు, లేవలేదు. నేను మఱియొక పేను పట్టితిని. ఆమె కన్నులు మూసికొనినది. వీధిలోనికి నీడలు దిగినవి. దీపము పెట్టవలెనని మా అమ్మ లోపలినుండి రెండుసార్లు పిలిచినది.

“ఇంకొంచెం చూడవే, ఇటువైపు” అని అత్తయ్య తల వంచినది.